నేను అప్రస్తుతం మాట్లాడిన నెల

నాకు మాట మీద అదుపు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మాట మీదే కాదు, ఆలోచన మీదా లేదు. గుడివాడలో ఇరవై ఏడేళ్ళుగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. ఓసారి మా హెడ్మిస్ట్రెస్‌గారు నా క్లాసు చూడ్డానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. బెల్లు కొట్టాక పక్కకి పిలిచి, "మేడమ్, మీరు కప్పతో మొదలెట్టి మాగాయతో ముగించారండీ" అన్నారు. నిజమే. కప్ప అనగానే వాన గుర్తొచ్చింది, వాన అనగానే పొద్దున్న మేడ మీద ఎండబెట్టి వచ్చిన మామిడి ముక్కలు గుర్తొచ్చాయి, కిటికీలోంచి చూస్తే నిజంగానే మబ్బు పట్టి ఉంది. ఇందులో నా తప్పేముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పరీక్షలో మాత్రం కప్ప ప్రశ్న ఒక్క పిల్లా తప్పు రాయలేదు.

మా ఆయన ముక్కుసూటి మనిషి. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది, లేదు, ఈ రెండే ఆయన జవాబులు. "నువ్వు గుడివాడ నుంచి బందరు వెళ్ళాలంటే కైకలూరు మీదుగా వెళ్తావు" అని పెళ్ళైన కొత్తలోనే అన్నారు. అప్పుడు రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఆ రెండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందని తర్వాత మా అత్తగారితో చెప్పారట. అది తెలిసి ఇంకో రోజు మాట్లాడలేదు.

ఇలాంటి నాకు ఓ పని దొరికింది. దానికి కారణం మా అక్క కూతురు.

మా అక్కావాళ్ళది నాగాయలంక దగ్గర పల్లెటూరు. బావగారు వరి మానేసి రొయ్యల చెరువులు వేశారు. పిల్ల తెలుగులో ఎం.ఏ. అయ్యాక బి.ఇడి. చదవడానికి గుడివాడ వచ్చి మా ఇంట్లోనే ఉంది. చిన్నప్పటి నుంచీ దానికి పద్యమంటే ప్రాణం. ఆదివారం ఆదివారం బందరు వెళ్ళి ఓ పెద్ద మాస్టారి దగ్గర అవధానం నేర్చుకునేది.

అష్టావధానం చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. వేదిక మీద ఎనిమిదిమంది కూర్చుని అవధానిని ఎనిమిది రకాలుగా పరీక్షిస్తారు. ఒకరు ఫలానా దాన్ని వర్ణించమంటారు, ఒకరు నాలుగు మాటలిచ్చి అవన్నీ వచ్చేలా పద్యం చెప్పమంటారు, ఇంకొకరు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు. అవధాని ఒకరికి ఓ పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్ళాలి. అలా నాలుగు చుట్లు తిరిగితే పద్యాలన్నీ పూర్తవుతాయి. కాగితమూ కలమూ ఉండవు. చివర్న ఆ పద్యాలన్నీ మొదటి నుంచీ ఒప్పజెప్పాలి, దాన్ని ధారణ అంటారు. ఆ ఎనిమిదిమందిలోనే అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి ఒకాయన ఉంటారు. మధ్యమధ్య సంబంధం లేని ప్రశ్న వేసి ఆలోచన చెడగొట్టడమే ఆయన పని. ఆయనకి నవ్వొచ్చేలా జవాబు చెప్పి, తెగిన దారాన్ని మళ్ళీ పట్టుకోవాలి.

మా పిల్ల ఆ దారం దగ్గరే పడిపోయేది. బందరులో పదిమంది ముందు చేసిన మొదటి ప్రయత్నంలో అప్రస్తుతానికి జవాబు బాగానే చెప్పింది, అందరూ నవ్వారు, అదీ నవ్వింది, నవ్వయ్యాక చూసుకుంటే పద్యం లేదు. రెండోసారీ అంతే. ఈసారి అవనిగడ్డలో నిండు సభలో చెయ్యాలి. దాని అమ్మా నాన్నా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ వస్తారు. "పిన్నీ, ఈసారి కూడా ఆగిపోతే ఇక పద్యం జోలికి వెళ్ళను. పుస్తకాలన్నీ ఎవరికైనా ఇచ్చేస్తా" అంది ఓ రోజు అన్నం ముందు కూర్చుని. ఊరికే అనలేదు. అది మొండిది, అన్నదంటే చేస్తుంది.

మర్నాడు మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, మీరు మాట్లాడితే ఒకదానికొకటి సంబంధం ఉండదని విన్నాను" అన్నారు.

"ఎవరండీ అన్నది?"

"మీ అమ్మాయే. తప్పు పట్టడం లేదమ్మా. అవసరమై అడుగుతున్నాను. ఈ నెల రోజులూ పిల్ల పద్యం చెప్పుకునేటప్పుడల్లా మీరు పక్కన ఉండి చెడగొట్టాలి."

ముందు ఒళ్ళు మండింది. తర్వాత ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. చిన్నప్పటి నుంచీ అందరూ వద్దన్న పనిని ఓ పెద్దాయన పిలిచి చెయ్యమంటున్నారు. ఇంతకంటే గౌరవం ఏముంటుంది.

అలా మొదలైంది. సాయంత్రం అది బెండకాయలు తరుగుతూ పద్యం కట్టుకునేది. మా ఆయన పేపరు చూసి ఏదో ఒక విషయం ఇచ్చేవారు. నేను స్టౌ దగ్గర నిలబడి చెవిలో జోరీగలా తల తినేదాన్ని.

"రొయ్యకి జ్వరమొస్తే ఎక్కడ చెయ్యి పెట్టి చూస్తారే?"

అది కత్తిపీట మీంచి తల ఎత్తకుండా, "చెరువు యజమాని నుదుటి మీద" అంది. వాళ్ళ నాన్న కళ్ళ ముందు కనబడ్డారు నాకు. చెరువులో రొయ్య నీరసంగా ఉందంటే ఆయన మంచం ఎక్కుతారు.

"బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనదైపోతుంది కదా. కృష్ణలో కర్చీఫ్ వేస్తే కృష్ణ మనదవుతుందా?"

"దివిసీమవాళ్ళం ఎప్పుడో వేసేసి రెండు పాయల మధ్యా కూర్చున్నాం పిన్నీ."

జవాబులకి లోటు లేదు. లోటల్లా తర్వాతే. జవాబు చెప్పి, కత్తిపీట ముందు గుడ్లప్పగించి కూర్చునేది. మొదటి వారమంతా ఇదే తంతు. ఎనిమిదో రోజున కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "పద్యం గుర్తుండటం లేదు పిన్నీ. నువ్వు అడిగిన చెత్త మాత్రం మొత్తం గుర్తుంటోంది. రొయ్య, కర్చీఫ్, అన్నీ వరసగా ఉన్నాయి."

"మరైతే ఆ చెత్తకే కట్టేయవే పద్యాన్ని" అన్నాను. విసుగొచ్చి అన్న మాటే గానీ ఆలోచించి అన్నది కాదు.

అది మాత్రం ఆలోచించింది. మర్నాటి నుంచి నేను ప్రశ్న వెయ్యగానే ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. ఏం చేస్తున్నావంటే, రొయ్య నుదుటి మీద రెండో పాదం పెట్టి వస్తున్నానంది. తర్వాత రొయ్యని తలుచుకుంటే పాదం కూడా వెంట వచ్చేస్తోందట. నేను సైన్సు టీచర్ని. కలిసి తలకెక్కినవి కలిసే పైకొస్తాయని పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. కానీ చెప్పడం వేరు, మన వంటింట్లో అది జరుగుతుంటే చూడటం వేరు. నా ముఖం చాటంత అయింది.

గుర్తుపెట్టుకోవడంతో ఆగలేదు ఇది. ఓ రోజు మాస్టారు ఫోన్లో వర్ణన ఇచ్చారు: వేసవిలో నీళ్ళు కట్టేసిన కాలవ. పిల్ల గంటసేపు తంటాలు పడింది. వియోగం, విరహం, నిట్టూర్పు, ఇవే వస్తున్నాయి. "ఆ విరహం మానెయ్యవే. మన కాలవకి విరహమేమిటి, అడుగున ప్లాస్టిక్ కవర్లుంటేనూ" అని విసుక్కుని నేను బట్టలు సర్దుకోవడానికి బీరువా తీశాను. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. ఇక నా నోరు ఆగుతుందా? పక్కింటావిడ పెళ్ళిపట్టుచీర కథ ఎత్తుకున్నాను. ఏడాదికోసారి బయటికి తీస్తుంది, గాలికి ఆరేస్తుంది, మడత మార్చి మళ్ళీ లోపల పెడుతుంది, కట్టుకునే రోజు ఎప్పుడొస్తుందో ఆవిడకే తెలియదు.

"ఆగు పిన్నీ" అంది. నేను ఆగలేదు. "పిన్నీ, దణ్ణం పెడతా, ఒక్క నిమిషం ఆగు."

ఆ నిమిషంలో పద్యం వచ్చింది. కాలవ ఎండలేదు, దాన్ని మడత పెట్టి బీరువాలో దాచారు. తొలకరి రోజున ఎవరో వచ్చి అంచు పట్టుకుని ఒక్కసారి దులుపుతారు, అప్పుడు జరీ మెరుస్తుంది. ఇదీ భావం. ఫోన్లో చదివి వినిపిస్తే అవతల మాస్టారు ఇంకోసారి చదవమన్నారు. తర్వాత, "ఈ బీరువా ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?" అన్నారు.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు, సంతోషంతో. కాలవ మా వీధి చివర్న ఉంది. బీరువా మా గదిలో ఉంది. రెండూ ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందున్నవే. వాటి మధ్య దారి ఉందని ఎవరికీ తోచలేదు, అంతే. కొత్తది ఎక్కడో ఆకాశంలోంచి ఊడిపడుతుందనుకునేదాన్ని. ఉన్నవాటిలో ఒకటి ఇంకోదాన్ని పిలుస్తుందని, పిలుపు వినేవాళ్ళు ఉండాలని ఆ రోజు తెలిసింది. అలాగని నన్ను నేను పొగుడుకోవడం లేదు. నేను అన్న వంద మాటల్లో తొంభై ఐదు ఒట్టి చెత్తే. ఒకదానికొకటి తగిలించడం నాకు వచ్చు, ఏది నిలుస్తుందో దానికి తెలుసు. అందుకే అది పద్యం చెప్పగలదు, నేను చెప్పలేను.

నెలాఖరుకి దానికి నేను లేకపోతే కుదరని స్థితి వచ్చింది. నేను మా ఆయనతో కబుర్లలో పడి ప్రశ్న వెయ్యకపోతే, "ఏమైనా అడుగు పిన్నీ, ఆలోచన సాగట్లేదు" అనేది. మాకు అప్పుడే తెలియాల్సింది, మేం ఏం తప్పు చేస్తున్నామో. తెలియలేదు.

అవధానం ఆదివారం పొద్దున్న. ముందు రోజే వెళ్ళి అక్కావాళ్ళింట్లో పడుకుని, తెల్లారగానే అవనిగడ్డ చేరాం. స్కూలు హాలు నిండిపోయింది. టీచర్లు, రిటైరైనవాళ్ళు, చెరువుల రైతులు, ముందు వరసలో మాస్టారు. పిల్ల చేనేత చీర కట్టుకుని వేదిక మీద చిన్నదిగా కనిపించింది. పొద్దున్న ఇడ్లీ ఒక్కటి తిని వదిలేసింది. మా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అప్రస్తుత ప్రసంగం చెయ్యడానికి వచ్చినాయన రిటైరైన ఆఫీసరు. తెల్ల చొక్కా, చక్కటి మాట, మర్యాదస్థుడు. జేబులోంచి టైపు చేసిన కాగితం తీశారు. ఆడపిల్ల, నిండు సభలో మొదటిసారి చేస్తోంది, ఇబ్బంది పెట్టడం ఎందుకు అనుకున్నారట. తర్వాత ఆయనే చెప్పారు.

"అవధానిగారూ, మీకు ఇష్టమైన కూర ఏదండీ?"

పిల్ల ఆయన ముఖం చూసింది. తర్వాత ఇంకేదో ఉందేమోనని ఆగింది. ఏమీ లేదు. "గోంగూరండీ" అంది.

రెండో చుట్టులో, "ఈ ఏడాది ఎండలు ఎక్కువగా ఉన్నాయంటారా?" అని అడిగారు. "ఉన్నాయండీ."

నెల రోజులు దాన్ని గోలలో పెంచాను. ఇక్కడ గోల లేదు. పాదాలు తగిలించుకోవడానికి రొయ్య లేదు, కర్చీఫ్ లేదు. గోంగూర మీద ఏం నిలుస్తుంది, ఎండ మీద ఏం నిలుస్తుంది? "ఆయన్ని ఎవరైనా సరిగ్గా అడగమనండి" అని మా ఆయన చెవిలో అన్నాను. "నువ్వు నోరు మూసుకో" అన్నారాయన. అంటూనే తనూ కుర్చీ అంచుకి జరిగారు.

అయినా పిల్ల పద్యాలు బాగానే కట్టుకుంటూ పోయింది. వర్ణన అడిగినావిడ కాలేజీ లెక్చరరు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటుని వర్ణించమన్నారు. మొదటి పాదంలో నది కొండల దగ్గర బయల్దేరి అడ్డదిడ్డంగా వస్తుంది. రెండో పాదంలో కనిపించిన ప్రతి ఊరినీ పలకరించి, ఒకరి సంగతి ఇంకొకరికి చెబుతుంది. మూడో పాదంలో తిన్నగా రమ్మంటే వినక పాయలై చీలి, మళ్ళీ కలిసి, గలగలమంటూ వస్తుంది. రైతులు చప్పట్లు కొట్టారు. నాలుగో పాదం కూడా చెప్పింది. అప్పుడు నేను ఆ ఆఫీసరుగారి వైపు గుర్రుగా చూస్తున్నాను, సరిగ్గా వినలేదు.

ధారణ మొదలైంది. ఒక పద్యం వచ్చింది. రెండోది వచ్చింది, కాస్త ఆగి. మూడోది కూడా వచ్చింది. అక్క నా చెయ్యి వదిలి కళ్ళు తుడుచుకుంది. చివరిది వర్ణన. కొండలు వచ్చాయి, ఊళ్ళు వచ్చాయి, పాయలు వచ్చాయి. నాలుగో పాదం దగ్గర పిల్ల ఆగిపోయింది.

మూడో పాదం మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఆగింది. ధారణలో ఎవరూ అందించకూడదు, మాస్టారు తల వంచుకుని కూర్చున్నారు. పిల్ల ఆఫీసరుగారి వైపు చూసింది. ఆయన జాలిగా చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బందరులో ఆగినప్పటి ముఖమే పిల్లది, నాకు తెలుసు. పుస్తకాలు ఇచ్చేస్తుంది. సోమవారమే ఇచ్చేస్తుంది.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ కిర్రుమంది, అందరూ వెనక్కి తిరిగారు. ఏదో ఒకటి అడగాలి. పద్యం అందించకూడదు గానీ పిచ్చి ప్రశ్న వేస్తే తప్పేముంది, తిడితే తిడతారు. నోరు తెరిచాను.

ఏమీ రాలేదు.

నా జన్మలో ఎప్పుడూ ఇలా కాలేదు. కప్ప లేదు, మాగాయ లేదు, బీరువా లేదు. తల లోపల తుడిచిపెట్టినట్టు ఖాళీ. పిల్ల ముఖం ఒక్కటే కనిపిస్తోంది. అన్నీ పోతే పోనీ, దీనికి ఈ ఒక్కటీ దక్కితే చాలు అనిపించింది. దాన్ని కూడా మాటల్లో పెట్టలేకపోయాను. సభ నడుపుతున్నాయన, "అమ్మా, కూర్చోండి" అన్నారు. కూర్చోవడం కూడా తెలియలేదు నాకు.

పిల్ల నన్నే చూస్తోంది. దాని పెదవి కొంచెం వంకర తిరిగింది, నవ్వో ఏడుపో తెలియదు. నా మీంచి కళ్ళు తిప్పకుండా నాలుగో పాదం చెప్పింది. ఇంత దూరం మాట్లాడుతూ వచ్చిన నది సముద్రాన్ని చూసి, చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయిందట.

చప్పట్లు మోగాయి. మాస్టారు వేదిక ఎక్కి, "వచ్చే నెల బందరులో. సాధన తగ్గించకు" అని మాత్రం అన్నారు దానితో. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మీరెందుకు లేచారమ్మా?" అన్నారు. తెలియదండీ అన్నాను.

సాయంత్రం గుడివాడ బస్సులో అదీ నేనూ పక్కపక్కన కూర్చున్నాం. మా ఆయనకి వెనక సీటు దొరికింది. మోపిదేవి దాటాక నెమ్మదిగా అడిగాను, ఎలా గుర్తొచ్చిందే అని.

"నాకు నది గురించి ఏం తెలుసు పిన్నీ? కృష్ణని వర్ణించమనగానే నువ్వు గుర్తొచ్చావు. మూడు పాదాలూ నిన్ను చూసి చెప్పినవే. నాలుగోదే ఒట్టి కల్పన. నువ్వు మాట ఆపడం నేను ఎప్పుడూ చూళ్ళేదు కదా. చూడనిది కదా, జారిపోయింది." నా వైపు తిరిగి, "ఇవాళ చూశాను" అంది.

"అంటే నేను కొండల దగ్గర్నుంచీ వాగుతూనే ఉన్నానంటావు" అన్నాను. కోపంగా అందామనుకున్నాను, కుదరలేదు.

అది నా భుజం మీద తల పెట్టి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు మూసుకుంది, నిన్నటి నుంచీ నిద్ర లేదు దానికి. దానికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి నా దగ్గర. చల్లపల్లి వచ్చింది, పామర్రు వచ్చింది. అది లేస్తుందేమోనని గుడివాడ దాకా ఒక్క మాట మాట్లాడలేదు.